పుటలు మారినను దారి తప్పని సూచన

కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడపల మీదుగా చిత్తూరు వైపు పోవు పెద్దబాట చాలకాలము 18వ జాతీయ రహదారి. 2010లో దేశములోని జాతీయ రహదారులకు క్రొత్త సంఖ్యలు ఇచ్చినపుడు అది 40వ జాతీయ రహదారి అయినది. బాట ఒక్క అడుగైనను ప్రక్కకు జరుగలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడినది. అంతవరకు కర్నూలు జిల్లాలోనుండిన ఆళ్ళగడ్డ ఆనాటినుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఊరును ఎవ్వరును కదల్పలేదు. కాని అంతకు ముందు అచ్చయిన పుస్తకములలో “18వ రహదారి” అనియు, “కర్నూలు జిల్లా” అనియు ఉన్న మాటలు అట్లే నిలిచిపోయినవి.

దీనివలన ఒక సంగతి తెలియుచున్నది. వస్తువు వేరు, దానికి మనము వేసిన సంఖ్య వేరు. సంఖ్య మారవచ్చును, వస్తువు నిలిచియుండును. ఒక గ్రంథములో “57వ పుట చూడుము” అని వ్రాసినపుడు మనము చూపుచున్నది వస్తువును కాదు, ఆనాటికి దానికున్న సంఖ్యను మాత్రమే. పుటలు అటునిటు జరిగినచో ఆ సంఖ్య అబద్ధమగును.

గ్రంథములో ఒకచోటినుండి మరియొకచోటికి దారి చూపు ఇట్టి మాటలను క్రాస్ రిఫరెన్సులు అందురు. “4వ పటము చూడుము”, “దీనిని 6వ అధ్యాయములో వివరించితిమి”, “3వ పట్టికలోని లెక్కలను గమనింపవలెను” అనునవి అన్నియు ఈ జాతిలోనివే. ఈ వ్యాసములో వీనిని క్లుప్తముగా సూచనలు అందము. పుస్తకముల పుటలను కూర్చు నేటి కంప్యూటరు సాఫ్ట్‌వేరు ఈ సూచనలను తానే సరిచూచుకొనగలదు. అది ఎట్లు సాధ్యమగుచున్నది? ఎంతవరకు దానిని నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలే మన విషయము.

సూచన చెడినచో నష్టమేమి?

ఒక ఉన్నత పాఠశాలవారు తమ నంద్యాల జిల్లాను గురించి 96 పుటల చిన్న పుస్తకమును తయారు చేయుచున్నారనుకొందము. అచ్చుశాలలో 16 పుటలు ఒక ఫారము. కావున ఈ పుస్తకము సరిగా 6 ఫారములు. ఇందులో అహోబిలము, మహానంది, బెలుం గుహలు, కుందేరు, నల్లరేగడి పంటలు మొదలగు అధ్యాయములున్నవి. నడుమ నడుమ 30 సూచనలున్నవి. అందులో 18 సూచనలు 40వ పుటకు తరువాతనున్న విషయములను చూపుచున్నవి.

పని ముగియవచ్చిన సమయమున, 40వ పుట తరువాత నల్లమల అడవుల పటమొకటి ఉన్న బాగుండునని ఎవరో సూచించిరి. రెండు పుటలు చేరినవి. వెంటనే ఆ 18 సూచనలును ఒక్కమారుగా తప్పిపోయినవి. వానిని వ్రాసిన వాక్యములను ఎవ్వరును ముట్టుకొనలేదు. అయినను అవి అబద్ధములైనవి. ఒక విద్యార్థి కూర్చుండి 18 సంఖ్యలకును రెండేసి కలిపి దిద్దినాడు.

ఇంతలో అచ్చుశాలవారు, “98 పుటలకు 6 ఫారములు చాలవు, రెండు పుటలు తగ్గింపుడు” అనిరి. 70వ పుట దగ్గర రెండు పుటల విషయమును తీసివేసిరి. ఇపుడు 41 మొదలు 70 వరకు ఉన్న పుటలను చూపు 11 సూచనలు సరిగానే ఉన్నవి. ఆ తరువాతి పుటలను చూపు 7 సూచనలు, ఇంతకు ముందు కష్టపడి దిద్దినవే, మరల తప్పినవి! ఏవి ఒప్పో ఏవి తప్పో తెలియుటకు మొత్తము ముప్పదింటిని మరల చూడవలసినదే.

పుట సంఖ్య తప్పినచో చదువరి రెండు పుటలు అటునిటు త్రిప్పి విషయమును పట్టుకొనును. విసుగుపడును గాని మోసపోడు. పట్టికల సంఖ్యలు తప్పినచో అట్లు కాదు. వ్యవసాయమును గురించిన ఒక పుస్తకములో 2వ పట్టిక వరికి, 3వ పట్టిక ప్రత్తికి, 4వ పట్టిక శనగకు లీటరు నీటిలో కలుపవలసిన మందుల కొలతలను ఇచ్చుచున్నదనుకొందము. మొదట మరియొక పట్టికను చేర్చిరి. ప్రత్తి పట్టిక ఇపుడు 4వది, 3వ స్థానమునకు వరి పట్టిక వచ్చినది. ప్రత్తిని గురించిన వాక్యములో మాత్రము “3వ పట్టిక చూడుము” అనియే మిగిలినది. రైతు 3వ పట్టికను చూచును. అక్కడ పట్టిక ఉన్నది, మందుల పేర్లున్నవి, కొలతలున్నవి. తప్పు జరిగినదని అనుమానించుటకు అవకాశమే లేదు. కనబడు తప్పుకంటె కనబడని తప్పు ప్రమాదకరమైనది. సూచనలను గూర్చి ఇంత శ్రద్ధ ఎందుకనువారికి ఇదియే సమాధానము.

పూర్వులు ఎట్లు చేసిరి?

తాళపత్ర గ్రంథముల కాలములో ఒక కావ్యమునకు రెండు ప్రతులు వ్రాసినచో ఆకుల లెక్క రెండింటిలోను ఒకటిగా ఉండదు. ఒక లేఖకుని అక్షరములు పెద్దవి, మరియొకనివి చిన్నవి. ఒక ఆకు పొడవు, మరియొకటి పొట్టి. అందువలన “ఇన్నవ ఆకు చూడుము” అనుట నిష్ప్రయోజనము. పండితులు ఆశ్వాసమును, పద్యసంఖ్యను చెప్పెడివారు. ఆ సంఖ్య ఆకునకు కాక కావ్యమునకే చెందినది. ఆకు మారినను పద్యము తన సంఖ్యతోనే ప్రయాణము చేయును.

నంద్యాల కృష్ణమరాజునకు పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయమును తలచుకొనుడు. అందు మొదట జరిగిన వింతలకు కారణము ఎంతో తరువాతగాని తెలియదు. చదువరి వెనుకకు పోయి సరిచూచుకొనవలెను. అట్టి కథను తాళపత్రములపై చదివినవారికి ఆశ్వాసము, పద్యసంఖ్య అను రెండు గుర్తులే దారి చూపినవి.

శాస్త్రగ్రంథములలోను ఇదే పద్ధతి. పాణిని అష్టాధ్యాయిలో 8 అధ్యాయములు, అధ్యాయమునకు 4 పాదములు, పాదములో సూత్రములు. మూడు సంఖ్యలు చెప్పినచో ఏ ప్రతిలోనైనను ఆ సూత్రము దొరకును. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణములోని సూత్రమును కూడ మనము పరిచ్ఛేదము పేరుతోను, సూత్రసంఖ్యతోను చెప్పుదుమే గాని పుటతో చెప్పము.

నిఘంటువులవారు ఇంకను సులభమైన ఉపాయము కనిపెట్టిరి. “చూ.” అను పొట్టి గుర్తు వేసి, దాని ప్రక్కన మాటను వ్రాయుదురు. పదములు అకారాది క్రమములో ఉండుటచేత ఆ మాటయే తన స్థానమును తెలుపును. కడపలో కూడ పనిచేసిన సి. పి. బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లో వెలువడినది. అటువంటి గ్రంథమును ఎన్నిమార్లు, ఎంత సైజులో మరల అచ్చువేసినను, మాటకు మాటను చూపిన సూచన చెడదు.

ఈ ఉపాయములన్నిటిలోను ఉన్న సూత్రము ఒక్కటే. స్థలమును చూపకుము, వస్తువునకు ఒక స్థిరమైన గుర్తునిచ్చి ఆ గుర్తును చూపుము.

సీసపు అక్షరముల కాలము

అచ్చు వచ్చిన తరువాత పుటలు స్థిరమైనవి. ఒక కూర్పులోని వేయి ప్రతులలోను 57వ పుట ఒకటే. కావున పుటసంఖ్యతో దారి చూపుట వాడుకలోనికి వచ్చినది. చదువరికి ఇది చాల సుఖము. చూపుడువ్రేలితో పుటలు త్రిప్పి క్షణములో చేరవచ్చును.

కాని కష్టము గ్రంథకర్తకు, అచ్చుశాలవారికి మిగిలినది. వ్రాతప్రతి ఇచ్చునాటికి ఏ విషయము ఏ పుటలో పడునో ఎవరికిని తెలియదు. అందుచేత సంఖ్య ఉండవలసినచోట సున్నలను కూర్చెడివారు. మొదట గ్యాలీ ప్రూఫు, ఆ తరువాత పుటలుగా కట్టిన పేజీ ప్రూఫు వచ్చును. అపుడు గ్రంథకర్త ఒక్కొక్క సున్నను వెదకి నిజమైన సంఖ్యను వేయును. ఒక్క సున్న కంటబడకపోయినచో పుస్తకము “000వ పుట చూడుము” అను మాటతోనే బయటికి వచ్చును. అది పోకిరి తప్పైనను నిజాయితీగల తప్పు. చదువరి చూడగానే గుర్తుపట్టును.

కంప్యూటరుమీద పుటలు కూర్చు సాఫ్ట్‌వేరు వచ్చిన తరువాత సీసపు అక్షరములు పోయినవి గాని, ఈ చిక్కు వెంటనే పోలేదు. 1985లో ఆల్డస్ సంస్థవారి పేజ్‌మేకర్ వెలువడినది. తెలుగునాట అచ్చుశాలలలో అది చాలకాలము నడచినది. దానిలో కూర్చిన పుస్తకములలో “57వ పుట” అని చేతితో కొట్టిన సంఖ్య వట్టి అక్షరముల వరుసయే. దానికిని 57వ పుటకును నడుమ ఏ సంబంధమును లేదు.

గుర్తు, సూచన, మూస

సంబంధమును కల్పించుటయే క్రొత్త పద్ధతిలోని రహస్యము. దానికి మూడు అంగములు కలవు.

మొదటిది గుర్తు. మనము చూపదలచిన శీర్షికకో, పటమునకో, పట్టికకో కనబడని ఒక గుర్తును తగిలింతుము. అది అచ్చులో రాదు. ఆ శీర్షిక ఎక్కడికి జరిగినను గుర్తు దానితో పోవును.

రెండవది సూచన. “చూడుము” అని వ్రాయుచోట మనము సంఖ్యను కొట్టము. “ఫలానా గుర్తు ఉన్న పుటసంఖ్యను ఇక్కడ వేయుము” అని యంత్రమునకు ఆజ్ఞ యిత్తుము. యంత్రము ఆ గుర్తును వెదకి, అది ఆ సమయమున ఏ పుటలోనున్నదో చూచి, ఆ సంఖ్యను అక్కడ వేయును.

మూడవది మూస. ఆ సంఖ్య చుట్టును ఏ మాటలు రావలెనో, శీర్షికను కూడ చూపవలెనో లేదో, ముందు ఏది రావలెనో తెలుపునది మూస.

1980 తరువాత లెస్లీ లాంపోర్ట్ అను గణితశాస్త్రవేత్త రూపొందించిన లాటెక్ అను కూర్పు పద్ధతిలో ఈ ఏర్పాటు స్పష్టముగా కనబడును. గుర్తు పెట్టుటకు “లేబుల్” అను ఆజ్ఞ. ఆ గుర్తుగల వస్తువు సంఖ్యను తెచ్చుటకు “రెఫ్” అను ఆజ్ఞ. దాని పుటసంఖ్యను తెచ్చుటకు “పేజ్‌రెఫ్” అను ఆజ్ఞ. పెద్ద సాంకేతిక గ్రంథములకై పుట్టిన ఫ్రేమ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరులోను ఇట్టి సదుపాయము ఉన్నది. అడోబీ సంస్థవారి ఇన్‌డిజైన్ 1999లో వచ్చినను, దానిలో ఈ సూచనల ఏర్పాటు 2008 నాటి సి.ఎస్.4 కూర్పుతో చేరినది. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఉచితముగా లభించు లిబ్రె‌ఆఫీస్ రైటర్ అనువానిలోను ఇది కలదు.

ఆళ్ళగడ్డ శిల్పి కొలత

ఈ భేదమును మన జిల్లాలోని ఒక వృత్తితో పోల్చి చూడవచ్చును. ఆళ్ళగడ్డ రాతి విగ్రహములకు పేరొందిన ఊరు. మన శిల్పశాస్త్రములలో విగ్రహముల కొలతకు తాళమానము అను పద్ధతి చెప్పబడినది. ముఖము పొడవు ఒక తాళము. తాళమునకు 12 అంగుళములు. నవతాళ ప్రమాణములో విగ్రహము ఎత్తు 9 తాళములు, అనగా 108 అంగుళములు. ఈ అంగుళము మన స్కేలుమీది అంగుళము కాదు. విగ్రహములో 108వ పాలు మాత్రమే.

విగ్రహము 54 ఇంచీల ఎత్తైనచో ముఖము 6 ఇంచీలు. 72 ఇంచీలైనచో ముఖము 8 ఇంచీలు. శాస్త్రము “ముఖము 6 ఇంచీలు” అని చెప్పియుండినచో రాయి మారినపుడెల్ల శాస్త్రమును మార్చవలసివచ్చెడిది. “తొమ్మిదవ పాలు” అని సంబంధమును చెప్పుటచేత రాయి చిన్నదైనను పెద్దదైనను మాట చెల్లును. చేతితో కొట్టిన పుటసంఖ్య ఇంచీల లెక్క వంటిది. గుర్తుకు కట్టిన సూచన తాళముల లెక్క వంటిది.

యంత్రము రెండుమార్లు ఏల చదువును?

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహము రావచ్చును. 12వ పుటలో “బెలుం గుహలను గూర్చి ఇన్నవ పుట చూడుము” అను సూచన ఉన్నది. యంత్రము మొదటినుండి వరుసగా పుటలను కూర్చుచు 12వ పుటకు వచ్చినది. బెలుం గుహల అధ్యాయము ఇంకను ముందున్నది. దానిని కూర్చనే లేదు. మరి దాని పుటసంఖ్య యంత్రమునకు ఎట్లు తెలియును?

తెలియదు. అందుచేతనే లాటెక్ పుస్తకమును ఒకటికంటె ఎక్కువమార్లు కూర్చును. మొదటిమారు 12వ పుటలో సంఖ్యకు బదులు రెండు ప్రశ్నార్థకపు గుర్తులు వేసి ముందుకు సాగును. బెలుం గుహల అధ్యాయము 57వ పుటలో పడగానే, “ఈ గుర్తు 57లో” అని ఒక చిన్న చిట్టాలో వ్రాసికొనును. రెండవమారు కూర్చునపుడు ఆ చిట్టాను ముందుగా చదువుకొని, 12వ పుటలో 57 అని వేయును. సీసపు అక్షరముల కాలములో సున్నలు వేసి, పేజీ ప్రూఫులో దిద్దిన పనియే ఇది. మనిషికి బదులు యంత్రము చేయుచున్నది.

ఒక్కొక్కపుడు మూడవమారు కూడ అవసరమగును. రెండు గుర్తులున్నచోట 104 అను మూడంకెల సంఖ్య వచ్చినదనుకొందము. వాక్యము కొంచెము పొడవైనది. పేరాలో చివరి మాట క్రొత్త పంక్తికి జారినది. ఆ పంక్తికి చోటు చాలక పుట అడుగునున్న శీర్షిక తరువాతి పుటకు పోయినది. ఇపుడు చిట్టాలోని ఒక సంఖ్య పాతబడినది. లాటెక్ ఇది గమనించి, “గుర్తులు మారియుండవచ్చును, మరల కూర్పుడు” అని హెచ్చరించును.

ఎన్నటికిని తెగని లెక్క

సాధారణముగా రెండు మూడు మార్లలో లెక్క స్థిరపడును. కాని ఎన్నిమార్లు కూర్చినను స్థిరపడని సందర్భము కూడ ఉండవచ్చును. ఇది కాగితముమీద తేల్చుకొనదగిన చక్కని లెక్క.

పుస్తకముల తొలిపలుకుల పుటలకు రోమను సంఖ్యలు వేయు ఆచారము కలదు. రోమను సంఖ్యలలో ఎనిమిదికి నాలుగు అక్షరములు, తొమ్మిదికి రెండే అక్షరములు. అనగా పెద్ద సంఖ్య పొట్టిది, చిన్న సంఖ్య పొడుగుది.

ఎనిమిదవ పుటలో ఒక సూచన ఉన్నది. అది అదే పుట అడుగుననున్న శీర్షికను చూపుచున్నది. యంత్రము అక్కడ “ఎనిమిది” అని రోమను సంఖ్యలో వేసినది. నాలుగు అక్షరములు పట్టుటచేత వాక్యము ఒక పంక్తి పెరిగి, శీర్షిక తొమ్మిదవ పుటకు జారినది. మరల కూర్చినపుడు యంత్రము “తొమ్మిది” అని వేసినది. రెండక్షరములే కావున పంక్తి తగ్గి, శీర్షిక ఎనిమిదవ పుటకు తిరిగివచ్చినది. మరల “ఎనిమిది” వేసినచో శీర్షిక తొమ్మిదికి పోవును. ఈ ఊగులాటకు అంతము లేదు. ఎనిమిది అన్నను అబద్ధమే, తొమ్మిది అన్నను అబద్ధమే!

యంత్రములో లోపమేమియు లేదు. ఆ లెక్కకు సమాధానమే లేదు. చిక్కు విప్పవలసినవాడు మనిషి. వాక్యములో ఒక మాటను తగ్గించినను, శీర్షికను క్రొత్త పుటలో మొదలుపెట్టినను చాలును.

ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేరులో పద్ధతి కొంచెము వేరు. పుటలు ఎదుటనే కనబడుచుండును. గమ్యము జరిగినచో సూచన పాతబడినదని పట్టికలో ఒక హెచ్చరిక గుర్తు కనబడును. గమ్యమునే తుడిచివేసినచో ఎఱ్ఱ జెండా కనబడును. “అప్‌డేట్” అను మీటను నొక్కినపుడు సంఖ్యలు సరియగును. వర్డ్, లిబ్రె‌ఆఫీస్‌లలో ఎఫ్9 అను మీట ఈ పని చేయును. వర్డులో ముందుగా పుస్తకమునంతను ఎన్నుకొని నొక్కవలెను.

తెలుగులో వచ్చు చిక్కులు

ఈ సాఫ్ట్‌వేరు ఇంగ్లీషువారికై పుట్టినది. అందులోని సిద్ధమైన మూసలు ఇంగ్లీషు వాక్యక్రమమునే అనుసరించును. ముందు శీర్షిక, తరువాత “పుటమీద” అను మాట, చివర సంఖ్య. తెలుగులో క్రమము తలక్రిందులు. “57వ పుటలోని బెలుం గుహలు” అని సంఖ్య ముందు రావలెను. కావున సిద్ధమైన మూసను వాడక, ముందు పుటసంఖ్య, తరువాత “వ పుటలోని”, ఆ తరువాత శీర్షిక వచ్చునట్లు మన మూసను మనమే తయారు చేసికొనవలెను. ఇది ఒక్కమారు చేసినచో పుస్తకమంతటికిని చాలును.

ఒక విషయములో తెలుగు ఇంగ్లీషుకంటె సుఖము. ఇంగ్లీషులో ఒకటవ, రెండవ, మూడవ, నాలుగవ సంఖ్యలకు వేరువేరు తోకలు తగిలింపవలెను. తెలుగులో అంకెతో వ్రాసినపుడు 2వ, 3వ, 57వ, 104వ అని అన్నింటికిని “వ” ఒక్కటే. యంత్రము ఏ సంఖ్య వేసినను తోక చెడదు. “మూడవ”, “నాలుగవ” అని అక్షరములలో వ్రాయదలచినచో మాత్రము యంత్రము సహాయపడదు. కాబట్టి సూచనలలో అంకెలే మేలు.

విభక్తుల చిక్కు ఇంకొకటి. శీర్షిక “బెలుం గుహలు” అని యున్నది. యంత్రము దానిని యథాతథముగా తెచ్చి పెట్టును. దానికి “లో” చేర్చినచో “బెలుం గుహలులో” అగును. “గుహలలో” అని మార్చుట యంత్రమునకు తెలియదు. చేతితో దిద్దినను ప్రయోజనము లేదు. తరువాత అప్‌డేట్ చేసినపుడు మన దిద్దుబాటు తుడిచిపెట్టుకొనిపోయి పాతమాటయే వచ్చును. దీనికి మన భాషలోనే చక్కని మందు ఉన్నది. శీర్షికను కొటేషను గుర్తులలోనుంచి, “అను అధ్యాయములో” అని చేర్చవలెను. “బెలుం గుహలు” అను అధ్యాయములో, “కుందేరు” అను అధ్యాయములో, “మహానంది” అను అధ్యాయములో. “అను” అను చిన్నమాట ముందున్న పేరును ముట్టకుండ విభక్తి బరువును తాను మోయును.

చివరిది ఖతుల చిక్కు. పూర్వము అచ్చుశాలలలో వాడిన అను మొదలగు ఖతులలో ఇంగ్లీషు అక్షరముల సంకేతములకు తెలుగు ఆకారములు తొడిగియుండెడివి. కంటికి తెలుగుగా కనబడినను యంత్రము దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరములే. పాత ఖతిలోనున్న శీర్షికను సూచన వేరొక ఖతిలోనున్న పేరాకు తెచ్చినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు ప్రత్యక్షమగును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు లిపికి తన స్వంత సంకేతములు లభించినవి. 2012 నాటి ఇన్‌డిజైన్ సి.ఎస్.6 నుండి తెలుగు మొదలగు భారతీయ లిపులను యూనికోడులో కూర్చు వీలు కలిగినది. సూచనలు వాడదలచిన పుస్తకమును మొదటినుండి యూనికోడులోనే కూర్చుట శ్రేయస్కరము.

యంత్రము చేయలేని పని

యంత్రము సంఖ్యను ఎరుగును, అర్థమును ఎరుగదు. ప్రత్తి పట్టికకు పెట్టిన గుర్తును అట్లే ఉంచి, ఆ చోట వరి పట్టికను అతికించినచో, సూచన నిస్సందేహముగా వరి పట్టికను చూపును. యంత్రము దృష్టిలో అంతయు సరిగానే ఉన్నది. కావున గుర్తుల పేర్లు అర్థమును తెలుపునవిగా ఉండవలెను. “పట్టిక3” అని కాక “ప్రత్తి-మందులు” అని పెట్టవలెను. సంఖ్య మారును, ప్రత్తి మారదు.

“పైన చెప్పినట్లు”, “క్రింది పటములో”, “ఎదుటి పుటలో” అను మాటలను మామూలుగా కొట్టినచో యంత్రము వానిని సరిచూడదు. పటము పుట మారినపుడు అవి అబద్ధములగును. సంఖ్యతో చెప్పుటయే క్షేమము.

అధ్యాయమునకొక ఫైలుగా పుస్తకమును కూర్చినపుడు, ఫైళ్ళన్నిటిని ఒకేచోట ఉంచి, నడుమ వాని పేర్లు మార్చకుండవలెను. పేరు మారినచో ఇతర అధ్యాయములనుండి వచ్చు సూచనలకు గమ్యము దొరకదు. అచ్చుకు పంపుటకు ముందు చివరి అప్‌డేట్ చేయుట మరువరాదు. ఆ తరువాత ఒక్క అక్షరము మార్చినను మరల చేయవలెను.

మరియొక సంగతి. ఫోనుమీద చదువు ఇ-పుస్తకములలో అక్షరముల సైజును చదువరి తన ఇష్టము వచ్చినట్లు మార్చుకొనును. దానితో పుటల లెక్కయు మారును. అక్కడ “57వ పుట” అనుటకు అర్థము లేదు. అధ్యాయసంఖ్య, పటసంఖ్య, శీర్షిక మాత్రమే నిలుచును. తాళపత్రముల కాలపు పద్ధతి మరల అవసరమైనదన్నమాట. మేలేమనగా, గుర్తుకు కట్టిన సూచనను వ్రేలితో తాకినచో నేరుగా ఆ చోటికి పోవునట్లు కూడ చేయవచ్చును.

పాఠశాలలో చేయదగిన పని

ఈ విషయమును బోధించుటకు ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. లిబ్రె‌ఆఫీస్ రైటర్ చాలును. విద్యార్థులచేత తమ ఊరిని గూర్చి పది పుటల పుస్తకమును వ్రాయింపవలెను. ప్రతి అధ్యాయపు పేరును హెడింగు శైలిలో పెట్టింపవలెను. అయిదు సూచనలను చేతితో సంఖ్యలు కొట్టియు, మరి అయిదింటిని ఇన్సర్ట్ పట్టికలోని క్రాస్ రిఫరెన్సు ద్వారాను పెట్టింపవలెను. ఇపుడు 3వ పుట తరువాత ఒక ఖాళీ పుటను చేర్చి ఎఫ్9 మీటను నొక్కవలెను. ఏవి మారినవి? ఏవి మారలేదు? పట్టిక వేసి చూచినచో, వట్టి సంఖ్యకును సంబంధమునకును గల భేదము ఏ ఉపన్యాసము లేకయే పిల్లలకు బోధపడును.

చివరగా ఆ పుస్తకమును వ్రాయనివారికి ఇచ్చి, ప్రతి సూచనను వెంబడించి గమ్యమును చేరుమనవలెను. సంఖ్య సరియైనదా అని మాత్రమే కాక, అక్కడ చెప్పెదమన్న విషయము నిజముగా ఉన్నదా అని కూడ చూడుమనవలెను. “చూడుము” అని వ్రాయుట చదువరికి మాట ఇచ్చుట. ఆ మాటలో సంఖ్యను యంత్రము నిలబెట్టగలదు. విషయమును నిలబెట్టవలసినవాడు మాత్రము వ్రాసినవాడే.